శంఖిని వెళ్ళిపోయాక

పిల్లలూ, మణిగిరి రాజ్యంలో శంఖిని అని ఒక నది ఉండేది. ఉండేది అన్నాను, గమనించారా? ఒక వానాకాలం ఎగువన కొండల్లో పెద్ద చప్పుడైంది. తెల్లవారి జనం లేచేసరికి నది లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసుక, ఇసుకలో కొట్టుకుంటున్న చేపలు, ఎక్కడివక్కడ ఒరిగిపోయిన పడవలు మాత్రం మిగిలాయి.

నదిని తిరిగి తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని రాజుగారు చాటింపు వేయించాడు. ఆయన రాజ్యం మొత్తం కలిపినా పెద్ద పెరడంత ఉంటుంది. అందులో సగం ఏం చేసుకోవాలో ఆలోచించకుండానే వీరులు గుర్రాలెక్కి పోయారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

రేవులో పడవ నడిపే గవరయ్యకు అర్ధరాజ్యం అక్కర్లేదు. ఆయనకు నీళ్ళు కావాలి. తల్లిలేని కూతురు పైడిని ఆయన ఆ పడవలోనే పెంచాడు. ఆ పిల్ల మొదటి అడుగు వేసింది నేల మీద కాదు, పడవ చెక్కల మీద. నది పోయిన రోజు నుంచి గవరయ్య పడవ దిగలేదు. రేవులో మిగతా పడవవాళ్ళూ అంతే.

"అయ్యా, దిగిరా. అన్నం చల్లారిపోతోంది" అని పిలిచింది పైడి.

"నేనటు దిగగానే నీళ్ళొస్తే? రేవులో పడవవాడు లేకపోతే జనం ఏమనుకుంటారే? ఇక్కడికే పట్రా తల్లీ."

కంచం పట్టుకుని పడవెక్కిన పైడికి తండ్రి పాదాలు కనిపించాయి. ఆమె చేతిలో కంచం జారిపోయింది. ఆయన వేళ్ళు కొయ్యబారిపోయాయి. ముట్టుకుంటే చర్మం లేదు, చెక్క ఉంది. పక్క పడవలో అందరికన్నా ముందు ఎదురుచూపు మొదలుపెట్టిన సింహాద్రి తాత అప్పటికే నిలువెల్లా కొయ్యైపోయాడు. తెరిచిన కళ్ళు తెరిచినట్టే ఉన్నాయి. గవరయ్యను దింపాలని ఊరంతా కలిసి లాగినా ఆయన పడవకు అతుక్కుపోయినట్టు కదల్లేదు.

"నదిని నేను తీసుకొస్తాను. అందాకా ఓపిక పట్టు అయ్యా" అంది పైడి. సద్దిమూట చంకన పెట్టుకుని, తెడ్డు భుజాన వేసుకుని ఎండిన నదిలో ఎగువకు నడిచింది. ఊరు దాటేదాకా ఏడవకూడదనుకుంది గానీ రేవు దాటకముందే ఏడ్చేసింది.

అడవి మొదలయ్యే చోట ఒక ఇసుక దిబ్బ ఒళ్ళు విరుచుకుని లేచింది. అది రక్కసి. దాని చుట్టూ వీరుల కత్తులు తుప్పు పట్టి పడి ఉన్నాయి.

"ఎవతెవే నువ్వు? నిజం చెప్పావా, దారి ఇస్తాను. అబద్ధం ఆడావా, నమిలేస్తాను!" అంది రక్కసి.

"పడవ నడిపేదాన్ని" అనబోయింది పైడి. కత్తుల వంక చూసి ఆగింది. వాళ్ళంతా నదిని తెచ్చే వీరులమని చెప్పుకుని ఉంటారు. తెచ్చిందేమీ లేదు కదా. మరి నీళ్ళు లేని చోట తను పడవ నడిపేదెలా అవుతుంది? పుట్టినప్పటి నుంచి ఆ ఒక్క మాటే తన పేరుకు ముందున్న మాట. దాన్ని తీసేస్తే ఏం మిగిలిందో ఎంత వెతుక్కున్నా తెలియలేదు.

"ఒకప్పుడు పడవ నడిపేదాన్ని. ఇప్పుడేమిటో నాకే తెలీదు" అంది ఏడుపు దిగమింగుకుని.

"ఇంత బరువైన నిజం నా దగ్గరికి ఎవరూ తేలేదు. పో" అని రక్కసి పక్కకు జరిగింది.

అడవి దాటాక కొండలు అడ్డొచ్చాయి. ఒక కొండ విరిగి నదికి అడ్డంగా పడి ఉంది. ఎక్కడానికి పట్టు దొరకలేదు. దాని కింద గండభేరుండ పక్షి కూర్చుని ఉంది. దాని తలల్లో ఒకటి ముందుకు చూస్తూ విసుక్కుంటోంది, రెండోది వెనక్కి చూస్తూ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"కొండ పడినప్పుడు మా గూడు పోయింది. అవతల కొత్త గూడు కట్టుకుందాం రమ్మంటే ఇది ఏడుపు మానదు. ఇది మానితే గాని ఎగరలేం" అంది ముందు తల.

"ఎలా మానను? గుడ్లు అక్కడే చితికిపోయాయి" అంది వెనక తల.

ఏడవకు అని చెప్పడానికి పైడికి నోరు రాలేదు. తనను అలా ఎవరైనా అంటే ఒళ్ళు మండేది. పక్కన కూర్చుని ఆ తల నిమిరింది. "నువ్వు ఏడుపు మానక్కర్లేదమ్మా. ఏడుస్తూనే రెక్క ఆడించు. చాలు" అంది.

వెనక తల ఏడుస్తూనే రెక్క ఆడించింది. పక్షి పైడిని వీపున ఎక్కించుకుని కొండ మీదుగా ఎగిరింది. దారి పొడవునా పైడి మీద ఆ తల కన్నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

కొండ అవతల శంఖిని కనిపించింది. నిండుగా, కొత్త దారిలో పారుతోంది. పైడి పరుగెత్తి మోకాళ్ళ లోతు దిగి, దోసిళ్ళతో నీళ్ళు మొహాన కొట్టుకుని, "ఎందుకెళ్ళిపోయావమ్మా? మేమేం పాపం చేశాం?" అని బావురుమంది.

నీళ్ళలోంచి శంఖినీదేవి లేచింది. "ఏ పాపమూ లేదు తల్లీ. కొండ పడింది, దారి మారింది. అదిగో ఆ బండను నీ తెడ్డుతో పెకలించు. నేను మళ్ళీ మీ ఊరికి వచ్చేస్తాను. కానీ ముందొకసారి ఒడ్డు చూడు" అంది.

ఒడ్డున తాతల కాలం నుంచి తడి ఎరగని నేల. అక్కడ జనం మొదటిసారి నాట్లు వేస్తున్నారు. ఒక ముసలివాడు నీళ్ళలో ఊరికే నిలబడి నవ్వుతున్నాడు. పైడి ఈడు పిల్ల ఒకతె కొత్త దోనెలో కూర్చుని కర్రతో నీళ్ళు కొడుతోంటే దోనె గుండ్రంగా తిరుగుతోంది.

పైడి బండ కింద తెడ్డు దూర్చింది. బండ కదిలింది కూడా. ఆ కాస్త కదలికకే ఒడ్డున నీరు వెనక్కి తగ్గింది. ముసలివాడి నవ్వు ఆగిపోయింది. అయ్య కొయ్య పాదాలు ఆమె కళ్ళముందు మెదిలాయి. ఆఖరికి తెడ్డు బయటికి లాగేసి, బండ మీదే కూలబడి పొద్దుగూకేదాకా ఏడ్చింది.

"మరి మా అయ్య?" అని అడిగింది.

"ఆ శాపం నేను పెట్టింది కాదు. పోయినదాని కోసం కూర్చోవడమే ఆయన్ను కొయ్య చేస్తోంది. ఆయన కన్నబిడ్డ తన చేతులతో ఆ పడవను చెక్క చెక్కగా విప్పేస్తే కొయ్య విడుస్తుంది. నిన్ను క్షమిస్తాడో లేదో మాత్రం నేను చెప్పలేను" అంది శంఖిని.

మర్నాడు పైడి ఆ దోనె పిల్ల దగ్గరికి వెళ్ళింది. "అలా కొడితే నది వినదే. ఇలా పట్టుకో" అని నేర్పింది. తెడ్డు ఆ పిల్లకే ఇచ్చేసి వెనక్కి చూడకుండా, ఒడ్డున ఆగి ఉన్న పక్షి ఎక్కింది.

ఊరు చేరేసరికి గవరయ్య గుండెల దాకా కొయ్యైపోయాడు.

"నీళ్ళేవే?" అన్నాడు గొంతు పెగల్చుకుని.

"రావు అయ్యా. ఇంక ఎప్పటికీ రావు."

"అబద్ధం!"

పడవను విప్పే ముందు దాని కళ్ళు మూయడం ఆ రేవులో ఆచారం. తనకేం జరుగుతోందో పడవ చూడకూడదట. పైడి తడి మట్టి తెచ్చి, పడవ ముక్కు మీద రంగుతో గీసిన రెండు కళ్ళకీ పూసింది. అది చూడగానే గవరయ్యకు అర్థమైంది.

"వద్దమ్మా! అందులో మీ అమ్మ కూర్చుంది. అందులో నువ్వు నడిచావు. పైడీ, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

పైడి గొడ్డలి ఎత్తింది. వేసిన ప్రతి దెబ్బకూ తండ్రి అరిచాడు, కూతురు ఏడ్చింది. ఒక్కో చెక్క ఊడుతుంటే ఆయన ఒంటిలో కొయ్య కిందికి దిగింది. ఆఖరి చెక్క పడేసరికి గవరయ్య రెండు కాళ్ళ మీద ఇసుకలో నిలబడ్డాడు. కూతురి వంక చూడలేదు. తల వంచుకుని ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

అది చూసి మిగతా పిల్లలూ గొడ్డళ్ళు పట్టుకొచ్చారు. చాలామంది తండ్రులు లేచారు. సింహాద్రి తాత లేవలేదు. ఆయనకు ఆలస్యమైపోయింది.

పడవ ఉన్న చోట ఇసుక చెమ్మగా ఉంది. పైడి చేతులతో తవ్వితే చెలమలో నీరు ఊరింది. ఇరుగింటి అవ్వ ఇచ్చిన పుచ్చగింజలు నాటింది. మొదటి పాదులు మాడిపోయాయి, రెండోసారివి కుళ్ళిపోయాయి, ఆ తర్వాత బతికాయి. రాజుగారు వచ్చి, నది తేలేదు కాబట్టి అర్ధరాజ్యం లేదని నసిగాడు. తరవాత మనసు మార్చుకుని ఆ ఇసుక నేలంతా రేవు జనానికి రాసిచ్చి, పైడిని దానికి పెద్దను చేశాడు. ఊరు సంబరం చేసుకుంది. గవరయ్య మాత్రం ఇల్లు కదల్లేదు, కూతురితో ఒక్క మాటా ఆడలేదు.

కాయలు దిగుతున్న రోజుల్లో ఒక పొద్దున్న ఆయన మెల్లగా ఇసుకలోకి వచ్చాడు. పైడి పాదులకు నీళ్ళు పోస్తోంది. ఆయన దూరంగా నిలబడి, అత్తారింట్లో ఉన్న ఆడపిల్ల గురించి అడిగినట్టు అడిగాడు.

"నది... అక్కడ బాగుందా?"

"బాగుంది అయ్యా. నిండుగా ఉంది."

గవరయ్య ఇసుకలో చతికిలబడి, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే ఏడ్చాడు. పైడి పక్కన కూర్చుంది. ఆయన కళ్ళు తుడుచుకుని పాదుల వైపు చూశాడు.

"దీనికి నీళ్ళు ఎలా పోస్తారో నాకు తెలీదు. నేర్పుతావా?"

పైడి ముంత ఆయన చేతికిచ్చింది. ఆ రోజు గవరయ్య సగం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు. మర్నాడు అంతకన్నా నయం.