వెనక సీటులో ఆవిడ

ఆ పెట్రోలు బంకు పేరెత్తితే లారీల వాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు.

హైవే మీద, అటూ ఇటూ ఊరన్నది లేని చోట, ఎప్పుడో మూతపడిన బంకు అది. పంపులు పీకేశారు. పైకప్పు మాత్రం మిగిలింది. ఈమధ్య ఏదో కంపెనీ వాళ్ళు దాని ముందు కరెంటు కార్లకి చార్జింగ్ స్తంభాలు పాతి వెళ్ళారు. వాళ్ళు పగటిపూట వచ్చారు, పగలుండగానే పోయారు.

రాత్రిపూట ఆగినవాళ్ళు చెప్పేది వేరు. బంకు వెనకాల ఓ పాత గది ఉంది. దానికి నీళ్ళ కనెక్షను తీసేసి ఏళ్ళయింది. అయినా లోపల బకెట్లోకి నీళ్ళు పడుతున్న చప్పుడు... కిటికీలో వెలుగు — బండి దగ్గరకి రాగానే ఠక్కున ఆరిపోతుంది. ఒక డ్రైవరు ఆ గోడ దగ్గరకి వెళ్ళాడట. అదే, గోడ కనపడగానే మగవాళ్ళకి గుర్తొచ్చే పని మీద. తలనుంచి కాళ్ళదాకా తెల్లటి ఆకారం ఎదురొచ్చిందట. ముఖం లేదట! అతను జిప్పు కూడా పెట్టుకోకుండా లారీ ఎక్కి, ఊరొచ్చేదాకా బ్రేకు తొక్కలేదట.

ఇంజనీరు ఈ కథ ఆఫీసు క్యాంటీన్లో విన్నాడు. అందరితో పాటు నవ్వాడు. నవ్వి, ఇంటికొచ్చి, ప్రయాణం ప్లానులోంచి ఆ బంకుని జాగ్రత్తగా తప్పించాడు.

ప్లాను వేయడంలో అతన్ని మించినవాడు లేడు. బిల్డింగులు కట్టే కంపెనీలో అతని ఉద్యోగమే అది. కొత్తగా కొన్న కరెంటు కారులో, తల్లినీ భార్యనీ తీసుకుని, చెల్లెలింటికి రాత్రంతా ప్రయాణం. కారుకి ఎక్కడ చార్జింగ్ పెట్టాలి, అక్కడ కుదరకపోతే ఇంకెక్కడ, టైర్లలో గాలి ఎక్కడ చూడాలి, బ్యాటరీ వేడెక్కితే ఎంతసేపు చల్లారనివ్వాలి — అన్నీ ఫోన్లో రంగురంగుల చుక్కలుగా పెట్టుకున్నాడు.

"మరి మనం ఎక్కడ ఆగుతాం?" అని అడిగింది భార్య. ఆవిడ హైస్కూల్లో టీచరు.

"చుక్క ఉన్న చోటల్లా ఆగుతాం."

"అవి కారు ఆగే చోట్లు. నేనడిగేది మన సంగతి."

"కారు ఆగితే మనం ఆగినట్టు కాదా? భలేదానివే!"

చీకటీ, ఓ చెట్టు చాటూ ఉంటే అతనికి అదే విశ్రాంతి స్థలం. చీర కట్టుకున్నవాళ్ళకి నాలుగు గోడలూ, ఓ తలుపూ, దానికో గడియా కావాలన్న సంగతి ఏ చుక్కలోనూ లేదు.

టీచరుకి అది సరదాగా అడిగిన ప్రశ్న కాదు. పోయినేడు కిడ్నీ ఇన్ఫెక్షనుతో హాస్పిటల్లో పడుకుని లేచింది. స్కూల్లో ఆడవాళ్ళ బాత్రూముకి గడియ ఊడిపోయి, పొద్దుట్నుంచి చివరి బెల్లు దాకా బిగబట్టీ బిగబట్టీ తెచ్చుకున్న జబ్బు. "నీళ్ళు తాగు, వచ్చినప్పుడు వెళ్ళు" అంది డాక్టరమ్మ. "మళ్ళీ బిగబట్టావో, ఈసారి మందులతో తీరదు."

అత్తగారిది మరో పద్ధతి. రేపు ప్రయాణమంటే ఇవాళ మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేస్తుంది. మామగారు పోయేదాకా ఆయన బండిలో తిరిగి సాధించిన విద్య అది. మామగారు ఎక్కడా ఆపేవారు కాదు. ఆవిడ ఎన్నడూ ఆపమని అడిగిందీ లేదు.

"సీసా ఎందుకే అమ్మాయ్, నీళ్ళు తాగితే ఇబ్బంది పడతావు" అంది కారెక్కుతూ.

"తాగకపోతే ఇంకా ఇబ్బంది పడతాను అత్తయ్యా."

అత్తగారు వెనక సీట్లో కూర్చోగానే కారు కుయ్యిమంది. బెల్టు పెట్టుకోమనట. ముందున్న తెర మీద ఆ సీటు ఎర్రగా వెలిగింది.

"మనిషి బరువు ఆనితే చాలు, దానికి తెలిసిపోతుంది" అన్నాడు ఇంజనీరు మురిసిపోతూ.

ప్లాను సగం దూరం బాగానే నడిచింది. తర్వాత ఒక ఎర్రకారు వీళ్ళని దాటిపోయింది. ఇంజనీరుకి అది సుతరామూ నచ్చలేదు. తన ప్లాను నిదానమైన వేగానికి వేసుకున్నదన్న సంగతి మర్చిపోయి, తొక్కాడు. ఎర్రకారు దొరికింది గానీ చార్జింగ్ కరిగిపోయింది. తీరా చుక్క దగ్గరకి చేరేసరికి అక్కడి స్తంభం పనిచేయడంలేదు. తర్వాతి చుక్క దాకా కారు ఈడ్వలేదు.

మధ్యలో ఉన్నది ఒక్కటే...

బంకు పైకప్పు కిందకి కారు మెల్లగా చేరింది. ఇంజనీరు దిగి, వైరు తగిలించి, మూడంగల్లో లోపలికి వచ్చి, తలుపులన్నీ లాక్ చేశాడు.

"ఎవరూ దిగొద్దు."

అప్పటికే టీచరుకి నడుం పక్కన పోటు మొదలైంది. ఆ పోటు ఆవిడకి తెలుసు. పోయినేడు కూడా ఇలాగే, సన్నగా మొదలైంది.

"వెనకాల గది ఉన్నట్టుంది. చూసొస్తాను."

"పిచ్చా? అక్కడికి ఎవరూ వెళ్ళరు!"

"ఏముందేంటి?"

"ఏం లేదు... కథలు."

"కథలేగా, మరి లాక్ ఎందుకేశారు?"

"కాస్త ఓర్చుకో. సగం చార్జింగ్ ఎక్కగానే బయల్దేరిపోదాం."

"కారు ఆగిపోతుందేమోనని ఇందాక చెమటలు పట్టాయి మీకు. నేను ఆగిపోయేలా ఉన్నానిక్కడ. తలుపు తీయండి."

వెనక తలుపు లాక్ టక్కుమంది. అత్తగారు చేత్తో తీసుకుని అప్పటికే ఓ కాలు కింద పెట్టింది.

"అమ్మా, నువ్వెక్కడికి? అక్కడ దెయ్యం ఉందంటారు!"

"తలుపుకి గడియ ఉందో లేదో అది చెప్పరా. దెయ్యం సంగతి తర్వాత చూద్దాం."

ఇంజనీరు కారులోనే ఉండిపోయాడు. కారు దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా!

గోడ మలుపు తిరిగారు. చీకటి. కాళ్ళ కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురుగా కిటికీ — అందులో సన్నటి వెలుగు.

ఠక్కున ఆరిపోయింది.

అత్తగారు కోడలి మోచెయ్యి పట్టుకుంది. లోపల... బకెట్లోకి నీళ్ళు పడుతున్నాయి. ధారగా. నీళ్ళే లేని గదిలో.

వెనక్కి తిరుగుదామా అనుకుంది టీచరు. నడుంలో పోటు కస్సుమంది. ముందుకే వేసింది అడుగు.

తలుపు పక్కనుంచి తెల్లటి ఆకారం లేచి నిలబడింది. తలనుంచి కాళ్ళదాకా తెలుపే. ముఖం ఉండాల్సిన చోట నల్లగా, ఖాళీగా... అది వాళ్ళవైపే వంగింది.

"ఎంతమంది?" అంది గుసగుసగా.

ఇద్దరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. టీచరే ఎలాగో పలికింది. "ఇ... ఇద్దరం."

"మగాళ్ళు?"

"ఒకరు. కార్లో. లాక్ చేసుకుని కూర్చున్నారు."

"బుద్ధిమంతుడు" అంది ఆకారం. "రండమ్మా, జారుతుంది, చూసి అడుగెయ్యండి. ఇప్పుడే కడిగాను."

లైటు వెలిగింది. తెల్ల రెయిన్‌కోటు టోపీ వెనక్కి తోసుకుని, చీపురు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది ఓ నడివయసు మనిషి. బంకు నడిచిన రోజుల్లో అక్కడ ఊడ్చే ఆయా.

లోపల ఫినాయిలు వాసన. బెంచీ మీద లారీ నడిపే ఆవిడ బూట్లు విప్పుకుని గురకపెట్టి నిద్రపోతోంది. పక్కన యూనిఫాంలో ఒక నర్సు జడ అల్లుకుంటోంది. మూలన పెద్ద డ్రమ్ము నిండా నీళ్ళు. రెండు తలుపులు. వాటికి... టీచరు కళ్ళు చెమర్చాయి. బారెడేసి గడియలు!

ఆ గడియ పడ్డ చప్పుడు కన్నా కమ్మని సంగీతం జన్మలో వినలేదంటుంది ఆవిడ ఇప్పటికీ.

బయటికొచ్చాక ఆయాని అడిగింది, ఈ వేషం దేనికని.

"ఏం చెప్పమంటావమ్మా! నేను గడియ బిగిస్తే తాగుబోతు వెధవలు తన్ని ఊడగొట్టేవాళ్ళు. మళ్ళీ బిగిస్తే మళ్ళీ తన్నేవాళ్ళు. లోపల ఆడమనిషి ఉన్నా సరే. ఎవరికి చెప్పినా, రాత్రిపూట ఆడవాళ్ళకి రోడ్డు మీద పనేంటన్నారు. ఓ వానరాత్రి ఈ కోటేసుకుని అటు నడిచాను. గోడ దగ్గర ఒకడు నన్ను చూసి కెవ్వుమని పరిగెత్తాడు. అంతే, అప్పట్నుంచీ ఇటు ఒక్కడు తొంగిచూస్తే ఒట్టు! నా గడియ నిలబడలేదు గానీ, వాడి కథ నిలబడింది."

"మరి నీళ్ళు?"

నర్సు బెంచీ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "ఇటు వచ్చినప్పుడల్లా అక్క లారీలో డ్రమ్ము తెస్తుంది."

"నీకేమివ్వను ఆయమ్మా?" అంటూ టీచరు హ్యాండ్‌బ్యాగు తెరవబోయింది.

"అది మూసెయ్. ఇక్కడ ఫీజు ఒకటే. వెళ్ళి నీ మగాడికి కొత్త భయం ఒకటి చెప్పాలి. పాతది చెల్లదు, రంగు వెలిసిపోతోంది."

టీచరు తడబడింది. పిల్లలకి అబద్ధాలాడకూడదని చెప్పే నోరు.

"నాకొదిలెయ్" అంది అత్తగారు. అనేసి, డ్రమ్ములోంచి ఓ గ్లాసుడు నీళ్ళు ముంచుకుని, ఆపకుండా గటగటా తాగేసింది. ప్రయాణంలో ఆవిడ నీళ్ళు తాగడం కోడలు చూడటం అదే మొదటిసారి. ఆయా ఓ చిన్న క్యాను నింపి టీచరు చేతిలో పెట్టింది.

కారు దగ్గరకి వచ్చేసరికి ఇంజనీరు బిక్కచచ్చి ఉన్నాడు. "ఏమైంది? ఇంతసేపేంటి? ఏమైనా... కనిపించిందా?"

అత్తగారు వెనక సీట్లో ఓ పక్కగా కూర్చుంది. బెల్టు పెట్టుకుంది.

"ముఖం ఉందిరా దానికి" అంది.

"ఎలా... ఉంది?"

"దాహంగా ఉంది. ఆవిడ ఈ దార్లోనే పోయిందట, ఒక ప్రయాణంలో. ఆపమని అడగాలనుకుందట. ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగితే చెబుదామని చూసిందట. తిరగలేదట. ఇంకాసేపు... ఇంకాసేపు... అంటూ అలాగే పోయింది. అప్పట్నుంచీ ఇటు వెళ్ళే బళ్ళలో ఎక్కి, వెనక సీటు మధ్యలో కూర్చుంటుందట. ఎవరినీ ఏమీ చేయదు. ఊరికే బండి నడిపేవాడి మెడ వైపు చూస్తూ ఉంటుంది... వీడైనా అడుగుతాడా, లేదా అని."

"ఏం... అడగాలి?"

"ఆగాలా, అని."

"అడక్కపోతే?"

అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

టీచరు పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. క్యాను తన కాళ్ళ మధ్య పెట్టుకుంది. కారు హైవే ఎక్కింది. ఓ పది నిమిషాలు గడిచాయి.

కుయ్... కుయ్... కుయ్...

తెర మీద ఒక సీటు ఎర్రగా వెలిగింది. వెనకది. మధ్యది.

ఇంజనీరు చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. అద్దంలోకి చూసే ధైర్యం లేదు.

"ఆ... ఆగాలా అండీ?"

కూత ఆగిపోయింది.

తర్వాత వెలుగున్న మొదటి హోటల్ ముందే కారు ఆగింది. ఆ తర్వాతిదాని ముందు కూడా. తెల్లారేలోపు ఇంజనీరు ఎన్నిసార్లు "ఆగాలా?" అన్నాడో! ఆఖరికి అత్తగారే విసుక్కుంది, పోనివ్వరా బాబూ అని. అసలు ప్లాను ప్రకారం చేరాల్సిన వేళకి చేరలేదు. టీచరు నడుంలో పోటు మాత్రం ఎటు పోయిందో పోయింది.

ఆడపడుచు ఇంట్లో కాఫీ తాగుతూ, ఎవరూ లేకుండా చూసి, కోడలు ఫక్కుమంది.

"కథ సరే అత్తయ్యా, ఆ కూత భలే టైముకి పెట్టించారు! సీటు మీద చెయ్యి ఆనించారా?"

అత్తగారు కప్పు దించింది.

"నేనా? నేనటు కిటికీలోకి చూస్తూ కూర్చున్నాగా. నువ్వే ముందు ఏదో మీట నొక్కావనుకున్నానే."

"నేనేం ముట్టుకోలేదు."

"బ్యాగులో, క్యానో..."

"బ్యాగులు డిక్కీలో ఉన్నాయి. క్యాను నా కాళ్ళ దగ్గరుంది."

కోడలు కూడా కప్పు కింద పెట్టింది.

"ఆ కథ... మీరు అల్లిందేగా అత్తయ్యా?"

"అల్లాననే అనుకున్నాను" అంది అత్తగారు నెమ్మదిగా.

తిరుగు ప్రయాణం రోజు ఇంజనీరు ఫోన్లో కొత్త ప్లాను వేశాడు. చుక్కలన్నీ హోటళ్ళ మీదే. తలుపులున్న హోటళ్ళు. కారు తుడుస్తూ, "అమ్మా, ఎక్కు" అన్నాడు.

అత్తగారు గ్లాసుడు నీళ్ళు తాగి వచ్చి, తన మూల కూర్చుని, బెల్టు పెట్టుకుంది. తర్వాత మధ్య సీటు బెల్టు కూడా లాగి, ఖాళీ సీటు మీదుగా తెచ్చి, క్లిక్కుమనిపించింది.

కోడలు వెనక్కి తిరిగి చూసింది.

"ఉండనీ" అంది అత్తగారు. "పాపం, దూరప్రయాణం ఆవిడది."