తూకమ్మ, మూడో గారె

2081 నాటికి విశాఖపట్నంలో ఆటోలు ఎగరడం నేర్చుకున్నాయి గానీ మీటరు మీద రావడం మాత్రం నేర్చుకోలేదు. ఫోన్లూ తెలివిమీరాయి. "ఏమైనా విశేషమా?" అని చుట్టాలెవరైనా అడగబోతే ఆ ముక్కను వినపడకుండా మింగేస్తాయి. చుట్టాలు అంతకన్నా తెలివిమీరారు. "ఊఁ, మరింకేటి?" అని ఊరుకుంటారు. ఆ 'మరింకేటి'కి మందు ఇంకా కనిపెట్టలేదు.

పైడిరాజు, నూకరత్నం దంపతులు ఏళ్ల తరబడి ఆ మరింకేటి మధ్యే కాపురం చేస్తున్నారు. ఐవీఎఫ్ రెండుసార్లు చేయించుకున్నారు, రెండుసార్లూ నిలవలేదు. సముద్రం మీద తేలే సంతాన కేంద్రంలో వాళ్ల పిండం ఇక ఒక్కటే, ఆఖరిది, చల్లగా నిద్రపోతోంది. దాన్ని కడుపులో పెట్టించుకోవడానికి రత్నం ఒప్పుకోవడం లేదు.

ఆ కేంద్రం క్యాంటీన్‌లో ప్లేటుకి మూడు గారెలిస్తారు. ఆ రోజూ చెరొకటి తిన్నారు. మూడోదాన్ని నువ్వు తినంటే నువ్వు తినమని అటూ ఇటూ జరిపి, ఎప్పట్లాగే వదిలేసి లేచారు.

"పెట్టాక రెండు వారాలు ఊపిరి బిగబట్టి కూకోవాలి డాక్టరమ్మా. ఇక నా వల్ల కాదు," అంది రత్నం, డాక్టరు గదిలోకి వెళ్లగానే. "ఈ మావకేటి? పిండమంటే బియ్యప్పిండా, సెనగపిండా అని జోకులేసుకు తిరుగుతాడు."

"పిండి కొద్దీ రొట్టె కదేటి!" అన్నాడు పైడిరాజు. ఎవరూ నవ్వలేదు.

డాక్టర్ మేరీ కుసుమ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "దిగులుపడితే గర్భం నిలవదని నేననను. దిగులు మోయలేక సగంలో వెళ్లిపోయిన జంటల్ని మాత్రం చాలామందిని చూశాను. మూడు రోజులు మా తూకమ్మను కట్టుకోండి. అప్పుడు కూడా వద్దంటే వద్దు."

తూకమ్మ అంటే దిగులు తూచే యంత్రం. ఇద్దరి చేతులకూ చెరో పట్టీ, లోపల ఒక గొంతు. ఒంట్లో కార్టిసాల్ అనే దిగులు రసాయనాన్నీ, నరాల సంకేతాలనీ చదివి, ఇద్దరి దిగులూ కలిపి, అటు దించి ఇటు ఎక్కించి, చెరి సగం పంచుతుంది. దిగుమతి, ఎగుమతి రెండూ దానివే. అన్నీ దిగుళ్లే.

రత్నం చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే పైడిరాజు పట్టీని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తూకమ్మా, సగం వద్దు. దాని దిగులంతా నాకు తోసీ. దానికి సెప్పకు."

"చెప్పను," అంది తూకమ్మ. "నా దగ్గర రహస్యం దాగుతుంది."

మర్నాడు చేపల బజారులో, ఎదురు మేడ మీద ఆరేసిన చిన్న గౌను చూసి పైడిరాజు బావురుమన్నాడు. వంజరం ముక్కలు కొడుతున్న ఆవిడ హడలిపోయి, అడక్కుండానే ధర తగ్గించేసింది.

అదే పూట ఇంట్లో రత్నం, ఫ్రిజ్‌లో మిగిలిన పాత ఇంజెక్షన్ చూసి గజగజ వణికింది. ఇన్నేళ్లలో ఏ సూదికీ బెదరని మనిషి! ఆ భయం ఆమెకి ఎవరిదో వదులు చొక్కా తొడుక్కున్నట్టుంది.

మూడు రోజులూ అయ్యాక డాక్టరు తెర చూసి కళ్లజోడు తీసేసింది.

"పంచుకోమంటే మార్చుకున్నారేమిటి? ఈయన దిగులంతా ఆమె దగ్గరుంది. ఆమెదంతా ఈయన దగ్గరుంది!"

"ఇద్దరూ అదే అడిగారు, ఒకరికి తెలియకుండా ఒకరు," అంది తూకమ్మ. "ఇక్కడికొచ్చే జంటలన్నీ ఇంతే. మరి నాకు పంచడం ఎందుకు నేర్పారో!"

రత్నం మొగుడి వైపు తిరిగింది. "మావా, మూడు రోజులు నీ దిగుల్లో తిరిగాను. అందులో పిల్లలే లేరేటి? అంతా నేనే ఉన్నాను. నాకు సూది గుచ్చితే నీకు సలిజొరం వస్తాదా?"

"నీ దిగుల్లో మరి? అందులో అంతా నేనే. పార్కులో ఒక్కడినీ కూకుని, ఊళ్లో వాళ్ల పిల్లల్ని సూస్తున్నాను. ఓలమ్మో! నేనంత జాలిగా కూకోనే!"

రత్నం నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది.

"నీకు వద్దంటే వద్దులే. ఇంటికి పోదాం పద," అన్నాడు పైడిరాజు. ఈసారి అందులో జోకు లేదు.

రత్నం తన పట్టీ విప్పి, అతనిదీ విప్పి, బల్ల మీద పెట్టింది. "ఈ నెల్లోనే పెట్టేయండి డాక్టరమ్మా."

"ఆ రెండు వారాలూ నేను అక్కర్లేదా?" అంది తూకమ్మ.

"నువ్వొద్దు తల్లీ. నువ్వు నోరు మూసుకుంటావు. మాకు నోరు తెరవడం కావాలి."

క్యాంటీన్‌లో మళ్లీ మూడో గారె మిగిలింది. పైడిరాజు ప్లేటు అటు జరిపాడు. రత్నం ఇటు జరపలేదు. గారెను తుంచి, పెద్ద ముక్క తన నోట్లో వేసుకుంది.

"సెరి సగం కాదేటే?"

"కడుపులో మోసేది నేను కదా మావా," అంటూ చిన్న ముక్క అతని నోట్లో కుక్కింది. "నువ్వు జోకులెయ్యి."

అడిగి మరీ జోకు వెయ్యమన్నది అదే మొదటిసారి. పైడిరాజుకి ఒక్కటీ తోచలేదు. నోట్లో గారె ఉంది మరి.