నట్టు లేని బ్యాడ్జీ

నర్సింలు వచ్చేసరికి ధాత్రి టీలో రస్కు ముంచుకుంటోంది. అతను తలుపు దగ్గరే బూట్లు విప్పి, కంపెనీ డ్రెస్సులో బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, నేను దొంగను కాదు. ఆదివారం ఫ్లైట్ ఎక్కించి ఇంటికి తోలుతమంటుండు మా లేబర్ క్యాంప్ బాస్."

ఖతర్‌లో, దోహాలోని మదీనత్ ఖలీఫా పేటలో ఒక విల్లా వెనక గది ధాత్రి ఆఫీసు. ఇక్కడే ఇన్సూరెన్స్ క్లెయిములు విచారించే ఉద్యోగంలో చాలాకాలం జనం అబద్ధాలు విని, అది మానేసి ఇప్పుడు సొంతంగా కేసులు పట్టి వింటోంది. ఆమె సహాయకుడు రాజ్ కిరణ్‌ది అమలాపురం. మేడమ్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే రకం.

రస్కు పక్కన పెట్టి, జరిగిందంతా చెప్పమంది ధాత్రి.

నర్సింలుది జగిత్యాల దగ్గర పల్లె. ఏసీలు బాగుచేసే కంపెనీలో పని. బుధవారం ఐన్ ఖాలిద్‌లో సత్యవేదం గారింట్లో హాల్లో ఏసీ శుభ్రం చేసి వెళ్ళాడు. తర్వాత చూస్తే గోడ మీది ఫ్రేములో బ్యాడ్జీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో, ఇటలీలో ఉండగా సత్యవేదం తాతగారికి వచ్చిన బ్యాడ్జీ అది. ఆ ఇంటావిడ తమ్ముడు కంపెనీకి ఫోన్ చేసి అరిచాడు. బాస్ ఇంకేమీ అడగలేదు.

"కొలువు పోతే పోయె మేడం. దొంగ అని పేరు పడ్డంక ఇంటికెట్ల పోవాలె? మా ఇంటామె సాయవ్వ ఫోన్ల ఒక్కటే ఏడుపు. దుబాయిల దొంగతనం చేసిండని ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిండ్రట."

ఇది దుబాయ్ కాదు కదా అనబోయి, అతని మొహం చూసి రాజ్ కిరణ్ నోరు మూసుకున్నాడు.

గురువారం సాయంత్రం ధాత్రి, రాజ్ కిరణ్ ఐన్ ఖాలిద్ వెళ్ళారు. సత్యవేదం భీమవరం మనిషి, ఇక్కడ తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఇంట్లో కూడా మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. ఆయన భార్య పెర్సిస్ చేగోడీలు తెచ్చి పెట్టింది.

ఫ్రేము గోడకే ఉంది. అద్దం వెనక ముఖమల్ గుడ్డ మీద రిబ్బన్లతో రెండు పతకాలు అలాగే వేలాడుతున్నాయి. మధ్యలో మాత్రం గుడ్డకి ఒక చిల్లు. కింద పాత ఫోటోలో ఇద్దరు సైనికులు భుజాల మీద చేతులేసుకుని పగలబడి నవ్వుతున్నారు. బోసి టోపీ వంకరగా పెట్టుకున్నది తాతగారు. నలిగిన కోటు మీద ఏదో మెరిసేది పెట్టుకున్నది పోలండ్ సైనికుడు. ఆ పక్కన ఇంకో ఫోటో, తాతగారు పటాలంలో చేరిన కొత్తలో స్టూడియోలో తీయించుకున్నది. అదే టోపీ, దాని మీద కోటబురుజు గుర్తున్న బ్యాడ్జీ.

"పోలండ్ జనరల్ మా తాతగారి ధైర్యానికి మెచ్చి తన చేత్తో పెట్టిన బ్యాడ్జీ అండి అది," అన్నాడు సత్యవేదం. ఎన్నో సండే స్కూళ్ళలో చెప్పిన మాట. ఎందుకో ఈసారి ఫ్రేము వైపు చూడకుండా చెప్పాడు.

"పోలీసులకి చెప్పారా?"

"వద్దన్నానండి. పోయిందేదో పోయింది."

"పోయిందేదో పోయిందా?" అన్నాడు పెర్సిస్ తమ్ముడు డేనియల్. "మా లుసైల్ ఆఫీసులో పనిచేసే పోలండ్ ఇంజనీరు రేపు మధ్యాహ్నం దాన్ని చూడటానికే ఇక్కడికి వస్తున్నాడు బావా! ఆయనకి ఏం చూపించను?"

"ఆయన వస్తున్నట్టు ఇంట్లో ఎప్పుడు చెప్పారు?" అడిగింది ధాత్రి.

"మంగళవారం, భోజనాల దగ్గర చెప్పాను. ముందూ వెనకా తిప్పి ఫోటోలు తీసుకుంటానన్నాడండి పాపం."

ధాత్రి పెర్సిస్ వైపు తిరిగింది. "ఏసీ పని జరిగేటప్పుడు మీరెక్కడున్నారండి?"

"ఇక్కడేనండి. పాలు పొంగుతుంటే ఒక్కసారి వంటింట్లోకెళ్ళి వచ్చానంతే."

"ఈ ఫ్రేము ఎవరు తెరుస్తుంటారు?"

"ఈయనేనండి. మొన్నామధ్య అద్దం పగిలితే మార్చి బిగించారు. అప్పట్నుంచి ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వరు. దుమ్ము కూడా ఆయనే దులుపుతారు."

ధాత్రి ఫ్రేము దింపి ఫోటోలకి ఫోన్‌తో ఫోటోలు తీసింది. తిప్పి చూస్తే వెనక చుట్టూ టేపు, ఎక్కడా ముడత లేదు. కాస్త ఊపితే లోపల ఏదో గలగలమంది. టేపు విప్పగానే చిన్న గుండ్రటి నట్టు ఆమె అరచేతిలో పడింది.

బయటికి వచ్చాక అడిగింది. "రాజ్, ఆయన చొక్కా చూశావా?"

"ఇస్త్రీ అదిరిందండి. జేబుకే చిన్న చిల్లుంది, పాపం కొత్త చొక్కా."

"శెభాష్. రేపు చర్చిలో ప్రార్థన కాగానే అందర్నీ కూర్చోబెడదాం. నర్సింలుని కూడా."

రాజ్ కిరణ్‌కి తనేం కనిపెట్టాడో తెలియలేదు. అయినా రాత్రంతా సంతోషంగానే ఉన్నాడు.

శుక్రవారం హాల్లో అందరూ సోఫాల్లో కూర్చుంటే నర్సింలు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ధాత్రి అతనికి కుర్చీ వేయించాకే మాట్లాడింది.

"ఈ బ్యాడ్జీ రిబ్బనుతో వేలాడేది కాదు. వెనక స్క్రూ ఉంటుంది. దాన్ని గుడ్డలోంచి దూర్చి, అవతల నట్టు బిగిస్తారు. తీయాలంటే ఫ్రేము దింపి, టేపు ఊడదీసి, నట్టు విప్పాలి. మళ్ళీ ఇంత నీటుగా టేపు వేయాలి. పాలు పొంగేలోపు అయ్యే పనేనా? దొంగైతే పతకాలు వదిలేసి, టేపు వేస్తూ కూర్చుంటాడా?"

ధాత్రి నట్టు పైకెత్తి చూపించింది.

"తీసినవాళ్ళకి తొందరలో నట్టు లోపల జారిపోయింది. నట్టు లేకపోతే స్క్రూ మొన గుచ్చుకుంటుంది. జేబులో పెట్టుకుంటే ఎంత మంచి చొక్కాకైనా చిల్లు పడుతుంది." ఆమె గొంతు పెంచలేదు. "సత్యవేదం గారూ, ఇక తీయండి."

ఆయన జేబులోంచి బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాడు. ముందువైపు గద్ద బొమ్మ. వెనక మేకుతో గీసినట్టు ఎవరో విదేశీయుడి పేరు.

"అద్దం మార్చినప్పుడు చూశానండి. ఇంకొకడి పేరు. చచ్చిపోయినవాడి ఒంటి మీంచి తాతగారు తీసుకున్నారేమోనని... ఆ ఇంజనీరు తిప్పి చూస్తే మా తాతని దొంగంటాడు. అందుకే మంగళవారం రాత్రే తీసేశాను. ఇతని మీదికొస్తుందనుకోలేదు. డేనియల్ ఫోన్ చేశాక నా నోరు పెగల్లేదు."

"మీ తాతగార్ని ఎవరో దొంగంటారేమోనని ఇతన్ని దొంగని చేశారు," అంది ధాత్రి.

ఆమె ఫోన్ తీసి ఇద్దరు సైనికుల ఫోటో పెద్దది చేసింది. "ఆ పోలండ్ అతని కోటు మీద మెరిసేదేమిటో చూడండి."

కోటబురుజు. స్టూడియో ఫోటోలో తాతగారి టోపీ మీద ఉన్న బ్యాడ్జీయే. ఇక్కడ టోపీ బోసిగా ఉంది.

"యుద్ధంలో ఒక పక్షాన పోరాడిన వేర్వేరు దేశాల సైనికులు ఇలా బ్యాడ్జీలు మార్చుకునేవాళ్ళు. పైవాళ్ళ అనుమతి ఉండదు, పత్రం ఉండదు. గుర్తుండాలని వెనక పేరు గీసి ఇచ్చేవాళ్ళు. దోచుకున్నవాడి పక్కన నిలబడి ఎవరైనా ఇలా నవ్వుతారా?"

"అయితే ఆ జనరల్..."

"జనరల్ లేడండి. స్నేహితుడున్నాడు."

పెర్సిస్ కళ్ళు తుడుచుకుంది. డేనియల్ ఫోటోని ఇంకా పెద్దది చేసి చూస్తున్నాడు. సత్యవేదం ఏళ్ళ తరబడి కళ్ళెదురుగా ఉన్న ఆ టోపీనే చూస్తూ ఏడ్చాడు. రాజ్ కిరణ్‌కీ ఏడుపొచ్చింది. అందరూ తాతగారి దగ్గరే ఉండిపోయారు.

"తాత పేరు నిలవడ్డది సార్," అన్నాడు నర్సింలు కుర్చీలోంచి. "మరి నాది?"

సత్యవేదం తలెత్తాడు. అక్కడే క్యాంప్ బాస్‌కి ఫోన్ చేసి, దొంగతనమే జరగలేదనీ, బ్యాడ్జీ తనే దాచాననీ హిందీలో చెప్పాడు. డేనియల్ ఫోన్ అందుకుని క్షమాపణ చెప్పాడు. ఆదివారం ఫ్లైట్ మాఫీ అన్నాడు బాస్.

"ఇంకొకటుంది సార్." నర్సింలు తన ఫోన్ తీశాడు. తెర మీద ఊరి గ్రూపు. "గిండ్ల గూడ చెప్పుండ్రి. మా సాయవ్వ గూడ ఇంటది."

సంఘపెద్ద ఆ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "నమస్కారమండి. నా పేరు సత్యవేదం. ఖతర్ నుంచి మాట్లాడుతున్నాను. మీ నర్సింలు ఏమీ తీయలేదు. బ్యాడ్జీ నేనే దాచి, నింద అతని మీద పడుతుంటే నోరు మూసుకున్నాను. సాయవ్వమ్మా, నన్ను క్షమించు తల్లీ."

నర్సింలు రికార్డయిన ఆ మాటల్ని ఒకసారి పూర్తిగా విని, గ్రూపులోకి పంపాడు. కాసేపటికి ఫోన్ మోగింది. సాయవ్వ ఈసారి కూడా ఏడుస్తూనే ఉంది, కానీ మధ్యమధ్యలో నవ్వు వినిపించింది.

పోలండ్ ఇంజనీరు వచ్చే వేళయింది. ధాత్రి నట్టు తీసి సత్యవేదం చేతిలో పెట్టింది. ఆయన బ్యాడ్జీని గుడ్డ చిల్లులో దూర్చబోతుంటే నర్సింలు లేచి వచ్చి ఫ్రేము పట్టుకున్నాడు.

"ఈసారి గట్టిగ బిగించుండ్రి సార్," అన్నాడు.