కుడి భుజం పట్టీ

రత్నశోభా శాక్య ఆఫీసుకు ఆ ఉదయం వచ్చిన మనిషి కుర్చీ చూపించినా కూర్చోలేదు. రెండు చేతులూ కోటు జేబుల్లో దాచుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు. అరవై దాటిన వాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"హజూర్, నావాంగ్ షేర్పా ప్రాణం మీదికి తెచ్చింది నేనా కాదా అన్నది సాయంత్రం నాలుగింటి లోపల తేల్చి చెప్పాలి" అన్నాడు.

పక్క బల్ల దగ్గర తిల్‌బిక్రమ్ లింబూ కలం మూత తీశాడు. సైనిక పల్టన్‌లో ఇరవై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన ఈయన, రత్నశోభ దగ్గర సహాయకుడిగా చేరి మూడేళ్ళయింది. ఆవిడ పోలీసు ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటోంది. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకునేంత గురి ఆయనకు.

"ముందు కూర్చోండి దాయ్, అన్నలాంటి వారు మీరు. చేతులు బయటికి తియ్యండి. నేనేం సంకెళ్ళు వెయ్యను" అంది రత్నశోభ.

చేతులు బయటికి వచ్చాయి. సూదిపోట్లతో కాయలు కాసిన వేళ్ళు.

ఆయన పేరు హర్కమాన్ పరియార్. థమేల్ సందులో ముప్ఫై ఏళ్ళుగా కొండలెక్కే వాళ్ళకు బ్యాగులు కుడుతున్నాడు. ఒక పర్వతారోహణ సంస్థ తన గైడ్లలో పన్నెండు మందికి ఆయన చేతే కుట్టించింది. వాళ్ళలో నావాంగ్ అనే గైడు మంచు పగులు మీద వేసిన నిచ్చెన దాటుతుండగా బ్యాగు కుడి పట్టీ పుటుక్కున ఊడింది. బరువంతా ఒక పక్కకి లాగేసింది. నడుముకి కట్టిన తాడు ఆపింది గానీ, తల మంచుగోడకి కొట్టుకుంది. ఐదు రోజులుగా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు.

"నాలుగింటికి సంస్థలో మీటింగు. నా కుట్టే నాసిరకమని తీర్మానం చేసి పోలీసులకిస్తారట. ఇవ్వనీండి. కానీ మిగతా పదకొండు మందీ రేప్పొద్దున కొండకి పోతున్నారు. ఆ బ్యాగులూ నావే. నా చెయ్యి చెడిపోయుంటే వాళ్ళని ఆపండి హజూర్. చెడిపోలేదంటే... తెగిన బ్యాగు నాకు చూపించట్లేదు. చూస్తే చెప్పేవాణ్ణి. చూడకుండా ఎట్లా చెప్పను? రాత్రిళ్ళు ఆ కుట్టే కళ్ళ ముందు ఆడుతోంది."

"ఎలా కుడతారు, చెప్పండి."

దాంతో ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "ముందు బ్యాగు ఎవరిదని అడుగుతాను. ఆ మనిషిని పిలిచి, ఖాళీ సంచీలో పాతిక కిలోల బియ్యం పోసి, వీపుకెక్కించి నిలబెడతాను. ఏ భుజం వాలుతోంది, నడుము ఎటు ఒరుగుతోంది చూసుకుని సుద్దతో గుర్తు పెడతాను. దారం నైలాన్‌ది, మూడు పేటలు, మైనం పట్టించి. ఇంకో దారం నా కొట్లో లేదు."

"పాతిక కిలోల బియ్యమా! కొలతలివ్వడానికొచ్చినవాడు పారిపోడూ?" అన్నాడు తిల్‌బిక్రమ్.

"సగం కుట్టిన బ్యాగు ఏదైనా ఉందా కొట్లో?" అని అడిగింది రత్నశోభ.

"ఒకటుంది. ఎడమ పట్టీ వేశాను, కుడిది వెయ్యాలి."

"నాలుగింటికి దాన్ని తీసుకుని రండి. ఎవరిదన్నది మాత్రం అక్కడ నోరు జారకండి."

* * *

సంస్థ సామాన్ల గది ఛత్ర కార్కీ అధీనంలో ఉంది. యాభై ఏళ్ళ బండమనిషి. కుర్రతనంలో బరువులు మోసినవాడని నుదుటి మీద నామ్లో, అంటే బరువును తలతో మోసే పట్టీ, ఒత్తిన గాడి చూస్తేనే తెలిసిపోతుంది. కోటుకు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాడు.

"నావాంగ్‌తో మీకు గొడవైందట?" అంది రత్నశోభ.

"అయింది. పాత తాళ్ళు ఇచ్చానని నా మొహం మీద విసిరికొట్టాడు. దానికని పట్టీ కోస్తానా దిదీ? కోపం వస్తే చెంప పగలగొడతాను గానీ."

"బ్యాగు ఈ గది దాటి ఎప్పుడు వెళ్ళింది?"

"రెండుసార్లు. సానుకాజీ అని ఒక టైలరు, ఈ హర్కమాన్ శిష్యుడే, కొత్త ముప్ఫై బ్యాగుల ఆర్డరు తనకియ్యమని తిరుగుతున్నాడు. నమూనా చూసిస్తానని ఒక రాత్రి పట్టుకుపోయి, పొద్దున్నే ఇచ్చేశాడు. ఆ తర్వాత, ప్రయాణానికి ముందురోజు, ఫుర్తెంబా సామాను సర్దుతానని ఇంటికి తీసుకెళ్ళాడు."

తెగిన బ్యాగు మూల బల్ల మీద ఉంది. ఎర్రటి మందపాటి గుడ్డ, పైన నుదుటిపట్టీ తగిలించుకోవడానికి రెండు గట్టి కొక్కేలు. ఎడమ పట్టీ చెక్కుచెదరలేదు. కుడిది ఊడి వేలాడుతోంది, దాని కుట్టు జాడ గుడ్డ మీద స్పష్టంగా ఉంది.

"దెబ్బకి తెగిందన్నమాటే గానీ దిదీ, పనితనం చూడండి. రెండు పట్టీల కుట్లూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి" అన్నాడు తిల్‌బిక్రమ్ మెచ్చుకోలుగా.

"ఆ మాట పుస్తకంలో రాసుకోండి" అంది ఆవిడ.

తర్వాత ఆ గుడ్డను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూసింది. రెండు కుట్ల నుంచీ చెరో దారం ముక్క లాగి, వేరువేరు కాగితాల్లో మడిచి దాచింది. ఏం కనిపించిందని తిల్‌బిక్రమ్ అడగలేదు. అడిగినా ఆవిడ చెప్పదని ఆయనకు మూడేళ్ళ అనుభవం.

ఫుర్తెంబా షేర్పా పెరట్లో తాళ్ళు చుడుతున్నాడు. నావాంగ్‌తో తొమ్మిదేళ్ళు కలిసి నడిచాడు. నావాంగ్ పడిపోయాక గైడ్ల నాయకుడు ఇతనే అయ్యాడు. ఆ సంగతి ఆవిడ ఎత్తగానే అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"అవును, లాభపడింది నేనే. అనుమానించుకోండి. ఆ నాయకత్వం వాడు లేస్తే వాడి మొహానే కొడతాను. ముందు లేవనీండి."

"లుక్లాలో విమానం దిగాక నిచ్చెన దాకా పది రోజుల నడక. అన్నాళ్ళూ ఆగిన పట్టీ అక్కడే ఎందుకు తెగింది?"

"అన్నాళ్ళూ పట్టీల మీద బరువుంటే గదా దిదీ! వాడు నుదుటికి నామ్లో వేసుకుని నడుస్తాడు. భుజం పట్టీలు ఊరికే వేలాడుతుంటాయి. మేమంతా అంతే. మంచు పగుళ్ళ దగ్గరే నామ్లో తీసేస్తాం, నెత్తిన హెల్మెట్ పెట్టుకోవాలి గదా."

తిల్‌బిక్రమ్ రాస్తూ తలెత్తాడు. రత్నశోభ కళ్ళు అరక్షణం మెరిశాయి. ఏదో చిక్కింది. ఏం చిక్కిందో తెలియక ఆయనకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది.

సానుకాజీ కొట్టు అద్దాల తలుపుల కొట్టు. ముప్ఫై అయిదేళ్ళ చురుకైన మనిషి, మెడలో కొలతల టేపు, మాటకు ముందు నవ్వు.

"గురువుగారి మీద కేసు పెడుతున్నారటగా, పాపం. పెద్దాయన. చూపు ఆనదు" అన్నాడు.

"ఆ బ్యాగు ఒక రాత్రి మీ దగ్గరుంది."

"ఉంది. లోపలి అరలు కొలుచుకుని తిరిగి ఇచ్చేశాను. కుట్టు జోలికి పోలేదు. నాకేం పని? ఆయన కుట్టేవన్నీ వంకరటింకరలే దిదీ. నావి చూడండి, అద్దంలో పెట్టి దించినట్టుంటాయి."

"మీరు కొండలెక్కుతారా?"

సానుకాజీ పగలబడి నవ్వాడు. "ఈ లోయ దాటి అడుగు పెట్టలేదు. ఎక్కాల్సిన ఖర్మ నాకేంటి? నా బ్యాగులే ఎక్కుతాయి!"

* * *

నాలుగింటికి సంస్థ హాలు కిక్కిరిసింది. పదకొండు మంది గైడ్లూ గోడవారగా కూర్చున్నారు, ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఎర్ర బ్యాగు. హర్కమాన్ చివరి బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. తిల్‌బిక్రమ్ అది చూసి, వెళ్ళి ఆయనకు ఆనుకుని కూర్చున్నాడు.

రత్నశోభ సగం కుట్టిన బ్యాగును బల్ల మీద పెట్టింది. "దీనికి ఎడమ పట్టీ ఉంది. కుడిది ఎక్కడ కుట్టాలో సుద్దతో గుర్తు పెట్టండి. ముందు మీరు, ఛత్ర భాయ్."

"నాకు గుండీ కుట్టుకోవడమే రాదు దిదీ" అంటూ ఛత్ర పిన్నీసు తడుముకుని, తోచిన చోట ఒక గీత గీశాడు. ఆవిడ దాన్ని తుడిచేసింది.

ఫుర్తెంబా సుద్ద పట్టుకుని ఆగిపోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఎవరిదీ బ్యాగు?" అన్నాడు.

"ఎవరిదైతేనేం?"

"అదేంటి దిదీ, మోసేవాణ్ణి చూడకుండా ఎట్లా పెట్టను?" సుద్ద కింద పెట్టేశాడు.

సానుకాజీ ఏమీ అడగలేదు. చకచకా టేపు తీసి, ఎడమ పట్టీ ఎత్తు కొలిచి, సరిగ్గా అంతే ఎత్తున కుడివైపు గీత గీశాడు. గీసి, బాగుందా అన్నట్టు అందరి వంకా చూశాడు. చివరి బెంచీ మీద హర్కమాన్ కళ్ళు మూసుకున్నాడు.

"బాగుంది. నావాంగ్ బ్యాగుకూ అచ్చం ఇలాగే ఉంది. అదే చిక్కు" అంది రత్నశోభ. "ఫుర్తెంబా, నావాంగ్ భుజాలు ఎలా ఉంటాయి?"

"చిన్నప్పుడు జడలబర్రె తోసేసి కుడి భుజం ఎముక విరిగింది. ఆ భుజం కిందికి వాలే ఉంటుంది."

"హర్కమాన్ దాయ్, ఆ పట్టీ మీరెక్కడ కుట్టారు?"

"రెండు వేళ్ళు కిందికి హజూర్. లేకపోతే వాడికి ఎముక ఒత్తుకుంటుంది."

ఆవిడ తెగిన బ్యాగును కిటికీ ముందు ఎత్తి పట్టింది. తెగిన కుట్టుకు సరిగ్గా రెండు వేళ్ళ కింద, గుడ్డలో వరసగా సన్నని వెలుగు చుక్కలు కనిపించాయి. పాత సూది రంధ్రాలవి. హాల్లో ఒక్కసారి గుసగుసలు లేచాయి.

"దాయ్ కుట్టిన పట్టీని ఎవరో విప్పి, పైకి జరిపి మళ్ళీ కుట్టారు. ఇక దారం చూడండి." అగ్గిపుల్ల గీసింది. ఎడమ పట్టీ దారం మంటకు కరిగి, చివర నల్లని పూసలా గట్టిపడింది. కుడి పట్టీ దారం భగ్గున అంటుకుని చిటికెడు బూడిదైనా మిగలకుండా రాలిపోయింది. "ఒకటి నైలాను. ఇంకోటి నల్లరంగు వేసిన మామూలు నూలు. బరువు పడితే ఒక రోజు కూడా ఆగదు."

"నూలు ఆయనే వాడుండొచ్చుగా!" అన్నాడు సానుకాజీ. నవ్వు మాత్రం లేదు.

"నూలు వాడి, వాలు భుజం సంగతి తనే మరిచిపోయి, పట్టీ పైకి జరిపారా? విప్పి కుట్టినవాడికి మిషను ఉండాలి. ఛత్రకి గుండీ కుట్టడం రాదు. ఫుర్తెంబాకి ఆ భుజం తెలుసు, జరిపితే నావాంగ్ భుజానికి బరువెక్కగానే కనిపెడతాడనీ తెలుసు. పైగా వీళ్ళిద్దరికీ నామ్లో అలవాటు. నుదుటితో మోసేవాడి భుజం పట్టీ దారిలో తెగదని, నిచ్చెన మీదే తెగుతుందని వీళ్ళకి తెలుసు, తెలిసి చేస్తే అది హత్యే. అది తెలియనివాడు ఒక్కడే. లోయ దాటనివాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వు ఎక్కడ తెగుతుందనుకున్నావు సానుకాజీ?"

అతను టేపు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు.

"లుక్లాలో" అన్నాడు చివరికి. "విమానం దిగి బ్యాగు ఎత్తుకోగానే తెగాలి. అందరి ముందూ. గురువుగారి పరువు పోతే ఆర్డరు నాకొస్తుందనుకున్నా. అంతే. ఒట్టు, వాణ్ణి చంపాలని కాదు! పట్టీ వంకరగా ఉంటే... విప్పాక సరిచేసి కుట్టా. చెయ్యి ఊరుకోలేదు. వాడు నుదుటితో మోస్తాడని నాకేం తెలుసు?"

గైడ్లు ఒక్కుమ్మడిగా లేచారు. ఛత్ర కార్కీ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చెంప పగలగొడతాడేమోనని తిల్‌బిక్రమ్ చూశాడు, నిజానికి పగలగొట్టాలని ఆశపడ్డాడు. కానీ కింద పోలీసు వ్యాను ముందే వచ్చి ఉంది. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసిందో ఆయనకే తెలియదు.

వెళ్ళేముందు సానుకాజీ చివరి బెంచీ వైపు తలెత్తలేకపోయాడు.

"ఎనిమిదేళ్ళు నా దగ్గర కూర్చున్నాడు. సూది పట్టడం నేర్పాను, కత్తెర పట్టడం నేర్పాను. ఎవరిదని అడగడం నేర్పలేకపోయాను హజూర్" అన్నాడు హర్కమాన్. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. తన మీద నింద పోయినందుకు కాదు.

గైడ్లు ఆయన బెంచీ చుట్టూ చేరారు. ఒక రోజు ముందు వీళ్ళే ఆయన కొట్టు ముందు నించి తల తిప్పుకుని పోయినవాళ్ళు.

ఫుర్తెంబా తన ఎర్ర బ్యాగు తెచ్చి ముసలాయన మోకాళ్ళ మీద పెట్టాడు.

"దాయ్, ఎడమ పట్టీ కాస్త ఒరుసుకుంటోంది. పొద్దున్నే పోవాలి. చూస్తావా?"

హర్కమాన్ కళ్ళు తుడుచుకున్నాడు. బ్యాగును చేత్తో తడిమాడు, కుట్టు మీద బొటనవేలు నడిపాడు. తర్వాత తల పైకెత్తి అలవాటుగా కసిరాడు.

"కూర్చుని చెబితే నాకేం తెలుస్తుంది? లే. బరువెత్తుకుని నిలబడు."