పైఅంతస్తు చివరి గది

ఆ మ్యూజియంలో పైఅంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుపోయాక అక్కడ కూర్చుని బొమ్మ వేసినవాళ్ళు మళ్ళీ ఆ ఛాయలకే రారట. ఎందుకని అడిగితే... మాట మార్చేస్తారట.

అక్కడికి బొమ్మ వెయ్యడానికి వచ్చే ఓ ఆవిడా ఆ మాట విన్నది. కట్టుడు పళ్ళు తయారుచేసే పని ఆవిడది. పంటి రంగు ఇట్టే పట్టేస్తుంది గానీ, మనిషి ఒంటి రంగు దగ్గర మాత్రం చెయ్యి తిరగలేదు. నూనె రంగులు నేర్పే మాస్టారేమో, ఆ గదిలో వేలాడే పాతకాలపు ముసలావిడ బొమ్మని చూసి అచ్చుగుద్దినట్టు దించమన్నారు. అది కుదిరాకే ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి వెయ్యాలన్నారు. ఆవిడ వెయ్యాలనుకున్నది మంచాన పడ్డ వాళ్ళమ్మని. ఆట్టే వ్యవధి లేదు.

ఆ సాయంత్రం బుగ్గ కింద నీడ మొండికేసింది. ఎరుపు కలిపితే కాలినట్టుంది, తెలుపు కలిపితే సున్నం కొట్టినట్టుంది. తుడవడం, పూయడం, మళ్ళీ తుడవడం... తలెత్తేసరికి కిటికీ అవతల చీకటి.

అమ్మకి మందు వెయ్యాలి. గబగబా తలుపు దగ్గరికి వెళ్ళింది.

మూసి ఉంది.

లాగింది. బెత్తెడు వచ్చి... మెల్లగా వెనక్కి పోయింది.

"ఎవరండీ?"

రెండు చేతులా లాగింది. ఎంత బలంగా లాగితే అంతే బలంగా అటు లాగుతున్నారు — ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఫోను కింద సామాన్ల అరలో ఉంది. కిటికీకి ఊచలు. అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి తలుపుకి వీపానించి కూలబడింది.

అప్పుడు వినిపించింది... గదిలోంచే. కుంచె కాన్వాసు గుడ్డ మీద రాసుకుంటున్న చప్పుడు. ఆగి... ఆగి...

కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఎవరో పిలిస్తే తెరిచింది. తెల్లారింది. ఎదురుగా వాచ్‌మన్. తనేమో తలుపు దగ్గర లేదు — బొమ్మ ముందు స్టూలు మీద, చేతిలో కుంచెతో ఉంది.

ముందు కిందికి పరిగెత్తి ఇంటికి ఫోన్ చేసింది. రాత్రి పక్కింటి పిన్నిగారు వచ్చి మందు వేసి, అక్కడే పడుకున్నారట. అమ్మ కులాసాగా ఉందట. పోయిన ప్రాణం తిరిగొచ్చింది, వెనకాలే కోపమూ వచ్చింది. మనిషిని లోపల పెట్టి తలుపెలా వేశావని వాచ్‌మన్‌ని నిలదీసింది.

అతను తెల్లబోయాడు. తలుపు రాత్రంతా బార్లా తెరిచే ఉందన్నాడు. రెండుసార్లు పైకొచ్చి పిలిచాడట, ఆవిడ తల తిప్పలేదట.

"మరి భుజం తట్టొచ్చుగా?" అంది గొణిగినట్టు.

"తట్టేవాణ్ణేనమ్మా... పక్కన ఆ పెద్దావిడ మీ చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంటే, టీచరమ్మేమోలే అని ఊరుకున్నా."