ఎర్రన్న గడ్డి మిషను

చీకటి పడితే బోధన్ చెరుకు తోటల నడుమ ఉన్న ఆ బంగళా ముందు నుంచి ఎవరూ పోయేవారు కాదు. చెరుకు బండ్లు కూడా చుట్టు తిరిగి పోయేవి. బంగళాలో దెయ్యం ఉందని కాదు... బంగళా ముందున్న పచ్చికలో ఉందని.

అప్పటికి చక్కెర ఫ్యాక్టరీ కొత్త. బంగళాలో ఉండే ఇంజనీరు దొర ఏ బర్రెకూ వేయని గడ్డిని ముచ్చటపడి పెంచి, దాన్ని కోయడానికి విలాయతు నుంచి ఒక మిషను తెప్పించాడు. రెండు ఇనుప చక్రాలు, వాటి నడుమ తిరిగే కత్తులు, వెనక నెట్టడానికి ఒక పిడి. మాలి ఎర్రన్న వానకాలంలో ఆ మిషను నెడుతూ నెడుతూనే పడి ప్రాణం విడిచాడు. అప్పటి నుంచి రాత్రిళ్లు గడ్డి కోస్తున్నాడని పుకారు. బతికుండగా పగలే సరిగ్గా కోయని మనిషి, చచ్చాక రాత్రిపూట ఎందుకు కోస్తాడని ఎవరూ అడగలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది ఎర్రన్న చెల్లెలు భూమవ్వ. ఆమె చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఎర్రన్న పోయాక దొర మాలి పని అతని భార్య లింగవ్వకే ఇచ్చాడు. బంగళా వెనక గదిలో ఉండనిచ్చాడు. ఒకటే షరతు — పచ్చిక ఎప్పుడూ కోసి ఉండాలి. ఆమెకు ఆ గది తప్ప వేరే ఇల్లు లేదు. హైదరాబాదు పోయిన దొర తెల్లారి వస్తాడనగా మిషను ఆగిపోయింది.

లింగవ్వ తమ్ముడు రాజలింగు ఫ్యాక్టరీలో కూలి. అక్క గది ముందు చాప పరిచి మిషను విప్పాడు. వంగిన కత్తిని రాయి మీద పెట్టి సరిచేశాడు. ఇరుక్కున్న తీగ ముక్క లాగేశాడు. మళ్లీ బిగించాక ఒక బోల్టు మిగిలింది. దాన్ని చప్పుడు చేయకుండా జేబులో వేసుకున్నాడు.

"జర నూనె పోస్తే గాలి లెక్క ఉరుకుతదక్కా!"

ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన సీసాలోని నల్లటి నూనె ధారాళంగా పోసి, ఇంటికి పోయాడు.

అది నూనె కాదు. చెరుకు రసంలోంచి చక్కెర తీశాక మిగిలే మడ్డి. ఫ్యాక్టరీలో నూనె పీపా, మడ్డి పీపా పక్కపక్కనే ఉంటాయి. వాసన చూస్తే తెలిసేది కదా అంటారేమో... బట్టలూ, పక్కబట్టలూ, తినే అన్నమూ అదే వాసన కొట్టే ఊళ్లో ముక్కు ఎవరికి పని చేస్తుంది?

లింగవ్వ నెట్టింది. మిషను కదలలేదు. మడ్డి బంకలా బిగిసింది. పొద్దు పోయేదాకా నెట్టి నెట్టి, మిషనును పచ్చికలోనే వదిలేసి, గదిలోకి పోయి మూట కట్టుకోసాగింది. ఏడుపు ఆగలేదు.

అప్పుడు వినిపించింది.

కిర్ర్... కిర్ర్...

పచ్చికలో మిషను కదులుతోంది — కొంచెం ముందుకు... కొంచెం వెనక్కు...

లింగవ్వ లాంతరు పట్టుకుని బంగళా ముందుకు వచ్చింది. మిషను మీద ఎవరో వంగి ఉన్నారు. నల్లగా... గొంగడి కప్పుకున్నట్టు.

లింగవ్వకు భయం వేయలేదు. కోపం వచ్చింది.

"గిప్పుడు యాదికొచ్చిన్నా?" అంది గుసగుసగా. "మిషను ఖరాబైనంక వచ్చినవా?"

జవాబు లేదు. ఎర్రన్న బతికున్నప్పుడూ జవాబిచ్చేవాడు కాదు. అందుకే ఆమెకు నమ్మకం కుదిరింది. బంగళా మెట్టు మీద కూర్చుని, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా చెప్పుకుంది.

"నువ్వు లేక మనసున పడ్తలేదయ్యా... పొద్దుగాల గడ్డి కొయ్యకుంటే గీ అర్ర సుత పోతది. నేనేడికి పోవాలె?"

ఆ ఆకారం తలెత్తింది.

లాంతరు వెలుగులో పొడుగాటి మూతి... మూతి నిండా మడ్డి... వేలాడే నాలుక...

ఎలుగుబంటి!

లింగవ్వ అరవడానికి నోరు తెరిచింది. అంతలో అది మళ్లీ వంగి, చక్రాన్ని ఇంకోసారి నాకింది. పొద్దంతా మొరాయించిన చక్రం గిర్రున తిరిగింది.

ఆమె నోరు మూసుకుంది. లాంతరు వత్తి తగ్గించి, మెల్లగా అంది —

"కానియ్యి... గా దిక్కు చక్రం సుత జర సూడు."