నిండిపోయిన వల

వచ్చినామె నర్సు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. మెడ రక్తనాళంలో స్టెంట్ వేశాక ఒక రోగికి కుడి చెయ్యీ కాలూ, మాటా పడిపోయాయట. రక్తం గడ్డకట్టకుండా ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఈమె ఎగ్గొట్టిందని పెద్ద డాక్టరు తేల్చేశాడట. సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుంది. ఆపైన ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు.

"ఇచ్చాను సార్. నా మాట ఎవరు వింటారు?"

గద్దముక్కు అని పేరుపడ్డ డిటెక్టివ్ నిట్టూర్చి చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. తప్పు ఎప్పుడూ పైనుంచి జారి కిందవాళ్ల నెత్తినే పడుతుంది. ఆయన తుమ్మినా అందులో తెలివి వెతికే అసిస్టెంటు వెనకాలే నడిచాడు.

ముందు రోగి భార్యను కలిశారు. ఆమె చేతిసంచిలోంచి చిన్న సీసా తీసింది. నాళాన్ని వెడల్పు చేసేటప్పుడు రాలే చెత్త మెదడుకు పోకుండా, పైన చిన్న వలను గొడుగులా విప్పుతారు. పనయ్యాక దాన్ని సీసాలో వేసి ఇంటివాళ్లకిచ్చి గొప్ప చెప్పుకోవడం ఆ డాక్టరుకు అలవాటు.

"ఎంత మురికి పట్టానో చూడమ్మా అన్నాడు బాబూ. అప్పటికి మావారింకా మత్తులోనే ఉన్నారు."

వల నిండా పసుపుపచ్చ పలుకులు. ఎర్రటి చారైనా లేదు.

తర్వాత స్టెంట్ వేసేటప్పుడు తీసిన ఎక్స్‌రే బొమ్మలు తెరమీద వేయించుకుని చూశాడు డిటెక్టివ్. వల విప్పినప్పుడు రక్తం బాగానే పారింది. స్టెంట్ వేశాక వల దగ్గర ఆగింది. వల తీయగానే మళ్లీ పారింది. రక్తం పీల్చే గొట్టం ప్యాకెట్టు ఆరోజు చింపనేలేదని, బొమ్మలు వేసి చూపిస్తున్న టెక్నీషియన్ గొణిగాడు.

సూపరింటెండెంటు గదిలో అందరూ కూర్చున్నారు.

"ఇంజెక్షన్ పడకపోతే వలలో ఎర్రటి గడ్డలుండాలి," అన్నాడు డిటెక్టివ్. "ఉన్నది నాళం గోడ కొవ్వు. వల నిండి రక్తం ఆగింది. ఆ ఆగిన రక్తంలో ఇంకా పలుకులున్నాయి. దాన్ని గొట్టంతో పీల్చేశాకే వల తీయాలి. మీరు పీల్చకుండా తీశారు. తూము ఎత్తితే నిలవనీళ్లు పోయినట్టు అంతా తలకెక్కింది."

వల ఉందిగా, భయం లేదనుకున్నానన్నాడు పెద్ద డాక్టరు, నేలచూపులతో.

"అనుకున్నారు సరే. ఈ అమ్మాయి మీదికి ఎందుకు తోశారు?"

సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, రేపట్నుంచి డ్యూటీకి రమ్మని నర్సుతో అన్నాడు. అసిస్టెంటు గర్వంగా చుట్టూ చూశాడు. ఎవరి మొహంలోనూ సంబరం లేదు.

రోగి భార్య డిటెక్టివ్ వైపు తిరిగింది. "అయితే ఆయనకు మాటొస్తుందా బాబూ?"

డిటెక్టివ్ సీసా మూత బిగించి ఆమె చేతిలో పెట్టాడు.

నర్సే లేచింది. "రండి పిన్నిగారూ, ఆయన్ని పక్కకు తిప్పే వేళయింది," అని ఆమె చెయ్యి పట్టుకుని వార్డు వైపు నడిచింది.